పెద్దమ్మ వీపు మీద తగువు

ఆ పోలీసు బ్యాండులో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. గడియారం అనేవాళ్ళు. ఎండైనా వానైనా, జ్వరమైనా జలుబైనా, అతని డ్రమ్ము మీద దెబ్బ పడాల్సిన క్షణంలో పడేది. బ్యాండు మాస్టరు చేతికర్ర ఆడించడం ఆపి తుమ్మినా ఏ ఇబ్బందీ ఉండేది కాదు. వెనక వరసలో గడియారం ఉన్నాడు కదా అని అందరికీ ధీమా.

ఆ వెనక వరసే అతని కడుపులో మంట. గుర్రపు పోలీసు దళానికి ఏటా ఒక పెద్ద పరేడ్ జరిగేది. చూడటానికి జనం విరగబడి వచ్చేవాళ్ళు. బ్యాండు నిలబడే చోట ముందు వేణువులు, వాటి వెనక క్లారినెట్లు, ఆ వెనక బాకాలు, అన్నిటికన్నా పెద్ద బాకా వెనక గడియారం. ఆ బాకా మూతి గంగాళమంత ఉండేది. దాని వెనక నిలబడ్డవాడికి పరేడ్ కనపడదు, పరేడ్‌కి వాడు కనపడడు. ఏటా తీసే ఫొటోలో అతనివి టోపీ కొసా, ఎడమ మోచెయ్యీ పడేవి. "ఆ మోచెయ్యి మా ఆయనదే" అని భార్య ఇరుగుపొరుగుకి వేలు పెట్టి మరీ చూపించేది. అది వేళాకోళమని గ్రహించడానికి అతనికి చాలాకాలం పట్టింది.

అలాంటివాడికి అదృష్టం పెద్దమ్మ రూపంలో తలుపు తట్టింది.

పెద్దమ్మ అంటే ఆడగుర్రం. నలుపూ తెలుపూ మచ్చలు, గాదెలాంటి పొట్ట, స్తంభాల్లాంటి కాళ్ళు. దళంలో అధికారులు కూడా ఆమె పక్కనుంచి వెళ్ళేటప్పుడు కాస్త ఒదిగి వెళ్ళేవాళ్ళు. జీనుకి చెరో వైపూ ఒక రాగి నగారా కట్టించుకుని, పరేడ్ మొత్తానికి ముందు నడిచేది ఆమే. ఆమె మీద కూర్చుని నగారాలు వాయించే పెద్దాయన మోకాళ్ళు అరిగిపోయి ఇంటికి వెళ్ళిపోయాడు. జీను ఖాళీ అయింది. దళానికంతటికీ ముందు, ఎవరి బాకా అడ్డం లేకుండా, నేలకి అంతెత్తున ఉండే జీను.

ఆ జీను మీద ఇద్దరికి కన్నుపడింది. ఒకడు గడియారం. రెండోవాడు ఇత్తడి తాళాలు వాయించే కుర్రాడు. కుర్రాడు చిన్నప్పట్నుంచీ గుర్రాల మధ్య పెరిగినవాడు, దొడ్డికాళ్ళవాడు, గుర్రం మీద పుట్టాడా అన్నట్టుండేవాడు. తాళం మాత్రం వాడికి మేనత్త కూతురి వరస; ఎప్పుడో చుట్టపుచూపుగా వచ్చి వెళ్ళేది.

దళం అధికారి ఇద్దర్నీ పిలిచాడు.

"పరేడ్‌లో వేదిక ముందునుంచి ట్రాట్‌లో వెళ్ళాలి. కూర్చుని వెళ్ళాలి. గడియారం, నువ్వు వాయిస్తావు, ఎక్కలేవు. వాడు ఎక్కుతాడు, వాయించలేడు. వాడికి వాయించడం నేర్పడం కంటే నీకు కూర్చోవడం నేర్పడం తేలికనుకుంటున్నాను. కాదని తేలిందనుకో, వాడే ఎక్కుతాడు. నువ్వు నీ బాకా వెనక్కి పోదువుగాని."

గడియారం బయటికి వచ్చాక నవ్వుకున్నాడు. కూర్చోవడం కూడా ఒక విద్యేనా అనుకున్నాడు. పుట్టిన ఏడాదిలోపే ఎవరూ నేర్పకుండా వచ్చిన పని అది.

గుర్రానికి నడక ఉంది, దౌడు ఉంది. నడకలో మనిషి ఉయ్యాల్లో ఉన్నట్టుంటాడు, దౌడులో పడవలో ఉన్నట్టుంటాడు. ఈ రెండిటి మధ్యా ఒక పరుగుంది, దాన్నే ట్రాట్ అంటారు. అందులో మనిషి రోట్లో ఉన్నట్టుంటాడు. గుర్రం కాళ్ళు జత జతగా, మూల నుంచి మూలకి నేలని తాకుతాయి. తాకిన ప్రతిసారీ వీపు పైకి లేచి మీదున్నవాణ్ణి ఎగరేస్తుంది. మామూలు రౌతులు రికాబుల మీద కాళ్ళు ఊతపెట్టి ఒక దెబ్బకి లేచి, ఒక దెబ్బకి కూర్చుంటూ గండం గడుపుకుంటారు. నగారా వాయించేవాడికి ఆ వెసులుబాటు లేదు. చేతుల్లో కర్రలుంటాయి గనక కళ్ళెపు పగ్గాలు తెచ్చి రికాబులకి కడతారు, కాళ్ళతోనే గుర్రాన్ని నడపాలి. వాడు లేచాడా, కళ్ళెం గుంజుకుంటుంది, కర్ర గాల్ని కొడుతుంది. కాబట్టి లేవకూడదు. నీటి మీద బాతులా కూర్చుని ఉండాలి. పైకి కదలనట్టు కనపడాలంటే లోపల నడుము ఒక్క క్షణం కూడా కదలకుండా ఉండకూడదు. మొత్తానికి సంసారం లాంటి విద్య.

నేర్పే పని బావమరిదికి పడింది. అతను గడియారం భార్యకి సొంత తమ్ముడు, దళంలో కొత్తవాళ్ళకి స్వారీ నేర్పేవాడు. పెళ్ళినాటి నుంచీ ఆ ఇంట్లో బావ మాట ఒక మెట్టు పైన ఉంటూ వచ్చింది. ఇప్పుడు బావ గుర్రమెక్కి పైన ఉన్నాడు, మాట మాత్రం కింద ఇసకలోంచి వస్తోంది.

పెద్దమ్మ మూతిపట్టీకి పొడుగు మోకు కట్టి, రికాబులు తీసేసి, తను మధ్యలో నిలబడి, గానుగెద్దులా చుట్టూ తిప్పేవాడు బావమరిది.

"నడుము వదులు చెయ్యి బావా."

"వదులుగానే ఉంది."

"మరి ఆ మోకాళ్ళేంటి, పట్టకారులా పట్టుకున్నావు. పెద్దమ్మకి ఊపిరాడొద్దూ."

"పట్టుకోకపోతే పడతాను కదరా."

"పట్టుకుంటేనే పడతావు. ఒళ్ళు వదిలెయ్యి. వదిలెయ్యమంటున్నానా. వదిలెయ్యి."

చివరి మాట గుర్రపుశాల కప్పు ఎగిరిపోయేలా వచ్చేది. అంత గట్టిగా వదిలెయ్యమంటే ఎవరికి వదులవుతుంది? గడియారం ఇంకా బిగుసుకునేవాడు. ఎగిరేవాడు, పడేవాడు, పళ్ళు టకటకమనేవి. ఒకసారి నాలుక కరుచుకుని ఆ పూట పాఠం మూగసైగలతో సాగింది. పెద్దమ్మ చెవులు వెనక్కి పెట్టి, వీపు మీద బియ్యం దంచుతున్న ఈ మనిషి ఎవరా అన్నట్టు, వీలైనంత త్వరగా ఈ పీడ వదిలించుకుందామని అడుగు ఇంకా జోరు చేసేది. జోరు పెరిగే కొద్దీ దంపుడు పెరిగేది.

అసలు తప్పు ఎక్కడుందో ఇద్దరికీ తెలియదు. తప్పు అతని విద్యలోనే ఉంది. ట్రాట్ రెండు దెబ్బల నడక అని వినగానే గడియారం లోపల లెక్క మొదలయింది. రెండు దెబ్బల తాళం కంటే తేలికైంది లోకంలో లేదు కదా. వచ్చే దెబ్బని ముందే పసిగట్టి, తన బరువునంతా సరిగ్గా దాని నెత్తిన వేసేవాడు. డ్రమ్ము మీద కర్ర వేసినట్టు పెద్దమ్మ మీద తనని తాను వేసేవాడు. ఒక్క దెబ్బా తప్పేది కాదు. తాళం రానివాడైతే అప్పుడప్పుడూ పొరపాటున కుదురుకునేవాడేమో. ఇతనికి ఆ అదృష్టం కూడా లేదు.

ఇంటికి వచ్చేసరికి నడక మారిపోయింది. భార్య గుమ్మంలో నిలబడి చూసింది.

"కాళ్ళ మధ్య గుమ్మడికాయ పెట్టుకున్నట్టు ఆ నడకేంటండీ?"

"పాఠం."

"కూర్చోండి, అన్నం పెడతాను."

"నిలబడి తింటాను."

ఆవిడ పళ్ళెం అల్మరా మీద పెట్టింది. "అందరికన్నా ముందు కూర్చుంటానని పోయి, ఉన్న కూర్చోవడం కూడా పోగొట్టుకున్నారు" అంది.

గడియారం మర్నాడు పాత నగారా పెద్దాయన ఇంటికి వెళ్ళాడు. పెద్దాయన మోకాళ్ళకి కట్టు కట్టుకుని కిటికీ దగ్గర ఉన్నాడు. చేతుల్తో ఏదో చూపించబోయి మానేశాడు. చివరికి "నేనేం చెయ్యలేదయ్యా. కూర్చున్నాను, అంతే" అన్నాడు. కాఫీ మాత్రం బాగా ఇచ్చారు.

పరేడ్ దగ్గరపడింది. తాళాల కుర్రాడు రోజూ వచ్చి కంచె మీద కూర్చుని పల్లీలు ఒలుచుకుంటూ చూసేవాడు. వాడి చూపులో ద్వేషం లేదు, జాలి ఉంది. అది చూస్తే గడియారానికి ఇంకా మండిపోయేది.

ఒక రోజు బావమరిదికి కూడా విసుగొచ్చింది. మోకు తిప్పుతూ, అరవడం మానేసి, ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని మామూలుగా అన్నాడు.

"అన్నట్టు బావా, నీ నిచ్చెన ఇంకో వారం ఉంచుకుంటాను. అక్కతో చెప్పాను."

"నిచ్చెనా? అది మా ఇంట్లోంచి వెళ్ళి ఎన్నాళ్ళయిందిరా?"

"పోయిన వానల్లో కదూ."

"అంతకుముందు వానల్లో. నువ్వు తీసుకెళ్ళేటప్పుడు దానికి మెట్లన్నీ ఉన్నాయి. మొన్న మీ ఇంటికొచ్చినప్పుడు చూశాను, పైనుంచి మూడో మెట్టు లేదు."

"అది ముందునుంచీ లేదు."

"ముందునుంచీ లేకపోతే నేను కప్పెక్కింది గాల్లో కాలేసా?"

"నువ్వు పొడుగు కదా బావా, ఒక మెట్టు దాటేసి ఉంటావు."

"సిగ్గులేకుండా ఎట్లా అంటావురా ఆ మాట? ఆ మెట్టు నేను చేత్తో చెక్కి బిగించాను. నీ పెళ్ళికి దీపాలు కట్టడానికి దాని మీదే ఎక్కాను. ఆ రోజు నువ్వెక్కడున్నావు? మీసాలు దువ్వుకుంటూ అద్దం ముందున్నావు."

"పెళ్ళికొడుకుని నిచ్చెనెక్కమంటావా?"

"ఎక్కొద్దు. విరగ్గొట్టొద్దు అంటున్నాను."

ఇట్లా వాళ్ళు నిచ్చెన దగ్గర బయల్దేరి, గొడుగు మీదుగా, గొడుగుతోబాటు పోయిన టార్చిలైటు దాకా వెళ్ళారు. పెద్దమ్మ తిరుగుతూనే ఉంది. చెవులు ముందుకొచ్చాయి. మెడ కిందికి సాగింది. కంచె మీద కుర్రాడు పల్లీ నోట్లో వేసుకోబోయి ఆగిపోయాడు. బావమరిది మాట మధ్యలో నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

"బావా."

"ఏంట్రా, టార్చిలైటు కూడా ముందునుంచీ లేదంటావా?"

"నువ్వు కూర్చున్నావు బావా."

గడియారం కిందికి చూసుకున్నాడు. నిజమే. నడుము కింద పెద్దమ్మ వీపు అలలా వచ్చి పోతోంది, అతను దాంతోపాటు వచ్చి పోతున్నాడు. ఎక్కడా చప్పుడు లేదు. ఆహా అనుకున్నాడు. ఒకటి, రెండు, ఒకటి, రెండు అని లెక్కపెట్టుకున్నాడు. అంతే, మళ్ళీ రోట్లో పడ్డాడు.

ఇద్దరూ ఇసకలో కూర్చుని, అంటే బావమరిది కూర్చుని గడియారం నిలబడి, తర్కించుకున్నారు. నోరు నడుస్తుంటే ఊపిరి ఆడుతుంది, ఊపిరి ఆడుతుంటే నడుం వదులవుతుంది. అంతకంటే ముఖ్యం, నోరు తగువులో ఉన్నంతసేపూ బుర్ర లెక్క మర్చిపోతుంది. చేతులకి బుర్ర అక్కర్లేదు. ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ నిద్రలో లేపినా వాయిస్తాయవి.

"అయితే మందు దొరికింది. రోజూ తిట్టుకుందాం" అన్నాడు బావమరిది.

చెప్పినంత తేలిక కాలేదు. మర్నాడు నిచ్చెన మళ్ళీ ఎత్తుకున్నారు. కాసేపు నడిచింది. ఆ మర్నాడు ఎత్తుకుంటే సద్దన్నంలా ఉంది, గడియారం ఎగరడం మొదలుపెట్టాడు. పోనీ ఉత్తుత్తి తగువు పెట్టుకుందామని "నీ మొహం కోతిలా ఉంది బావా" అన్నాడు బావమరిది. గడియారం "నీది కొండముచ్చులా ఉంది" అని మర్యాదగా బదులిచ్చి, ఎగిరి పెద్దమ్మ మెడ మీద పడ్డాడు. అబద్ధపు తగువుకి నడుము కరగదని తేలిపోయింది. తగువు నిజమైంది కావాలి, తాజాదై ఉండాలి. అవతలివాడు నిజంగా తప్పు చేసి ఉండాలి, చేసి ఒప్పుకోకూడదు.

ఇక బావమరిది బుర్రలో గతం తవ్వడమే పని. బావ పెళ్ళి ఫొటోలో తన తల ఎవరు కోసేశారు. తన నాన్నకి జబ్బు చేసినప్పుడు ఆస్పత్రిలో కాపలా ఉంటానని వచ్చి బల్ల మీద గుర్రుపెట్టింది ఎవరు. బావ పెంచిన కుక్క తన ఇంటికి వచ్చి ఉండిపోతే అది కుక్క తప్పా, బావ తిండి తప్పా. కుక్క తగువు అద్భుతంగా పనిచేసింది. ఆ రోజు గడియారం రికాబులు పెట్టుకుని, నగారాలు కట్టించుకుని, మైదానం ఈ చివరినుంచి ఆ చివరిదాకా, వెనక ఇంకో గుర్రం మీద వస్తున్న బావమరిదితో తగువాడుకుంటూ వెళ్ళాడు. నగారా దెబ్బ ఒక్కటి తప్పితే ఒట్టు. దూరం నుంచి అధికారి చూసి తలాడించాడు.

"నోరు కదుపుతున్నాడేంటి?" అని పక్కనున్నవాణ్ణి అడిగాడు.

"ఏదో జపం చేసుకుంటాడటండీ."

"మంచి అలవాటు" అన్నాడు అధికారి.

పరేడ్‌లో బావమరిది గుర్రం పెద్దమ్మకి సరిగ్గా వెనక, ఒక వారగా ఉండేట్టు ఏర్పాటు చేసుకున్నారు. నగారాల మోతలో ఎంత తిట్టుకున్నా మూడోవాడి చెవిన పడదు. మందు సిద్ధంగా ఉంది. కాకపోతే సీసా అడుగంటింది. పరేడ్ ముందు రోజు బావమరిది దిగులుగా అన్నాడు.

"బావా, నా దగ్గర తగువులు అయిపోయాయి. నువ్వు మరీ అంత చెడ్డవాడివి కాదు."

"ఇప్పుడా ఆ మాట చెప్పేది. నీకేం, నువ్వు చేసిన వెధవ పనులు నా దగ్గర బోలెడున్నాయి. నేను మొదలుపెడతాలే."

పరేడ్ రోజు పొద్దున్న అంతా బాగానే ఉంది. అదే ముప్పు తెచ్చింది. కొత్త యూనిఫారం, భుజాల మీద జరీ, బూట్లలో మొహం కనపడేంత మెరుపు. పెద్దమ్మ జూలు జడలల్లి ఉంది. గడియారం జీనులో కూర్చుని చూస్తే ముందు ఏ బాకా లేదు. మైదానం ఉంది, జనం ఉన్నారు, వేదిక పక్కనే సిబ్బంది కుటుంబాలు కూర్చునే షామియానా కింద మొదటి వరసలో భార్య ఉంది. ఆవిడ ఇటే చూస్తోంది. ఒక మనిషి తనవైపు పూర్తిగా, అడ్డం లేకుండా చూడటం ఎలా ఉంటుందో అతనికి అప్పుడే తెలిసింది. గుండె పొంగింది. లోకంలో ఎవరిమీదా కోపం లేకుండా పోయింది.

ట్రాట్‌కి ఆజ్ఞ వచ్చింది. నగారాలు మోగాయి. పెద్దమ్మ కదిలింది.

"మొదలుపెట్టు బావా" అన్నాడు వెనకనుంచి బావమరిది.

"ఏం మొదలుపెట్టమంటావురా. పోనీలే."

"పోనీలే ఏంటి? నిచ్చెన?"

"చిన్న మెట్టేగా. నేనే ఇంకోటి చెక్కి పెడతాను."

"కుక్క?"

"నీ దగ్గరే హాయిగా ఉంది కదా. ఉండనీ."

బావమరిది తన గుర్రాన్ని ఇంకాస్త దగ్గరికి తోలాడు. చూస్తుండగానే బావ జీనులోంచి వేలెడు లేచాడు. మరో అడుగుకి బెత్తెడు. ఒకటి, రెండు అని పెదాలు కదులుతున్నాయి. కుడి నగారా మీద కర్ర అంచుకి తగిలి టప్పుమంది. కాళ్ళు ఎగిరేసరికి కళ్ళెం గుంజుకుని పెద్దమ్మ తల విదిలించింది. వేదిక మీద పెద్దలు లేచి నిలబడుతున్నారు. బ్యాండు వరసలో తాళాల కుర్రాడు ఇత్తడి తాళాలు దించి మెడ సాచి చూస్తున్నాడు.

"బావా, నీ మీసానికి రంగు వేసింది తెలిసిపోతోంది."

"అవునా. బాగుందా?"

క్షమించేవాడితో తగువాడటం కంటే కష్టమైన పని లేదు. బావమరిది దగ్గర ఇక ఒకే ఒక్కటి మిగిలింది. అది ఎప్పుడూ బయట పెట్టనని అక్కకి మాటిచ్చాడు. వేదిక ఇంకో పాతిక గజాల్లో ఉంది. బావ బంతిలా ఎగురుతున్నాడు.

"బావా, అక్క పరేడ్‌కి ఎట్లా వస్తుందో తెలుసా?"

"ఎట్లా వస్తుంది. నడిచి."

"చెవుల్లో దూది పెట్టుకుని."

కర్రలు ఆగలేదు.

"ఏంట్రా?"

"నీ డ్రమ్ము వినలేక. పరేడ్‌కే కాదు. ఇంట్లో పళ్ళెం మీద వాయిస్తావు, తలుపు మీద వాయిస్తావు, మంచం కోడు మీద వాయిస్తావు. నిద్రలో దాని భుజం మీద కూడా వాయిస్తావట. అమ్మకి బాగాలేదని ఏటా పుట్టింటికి వచ్చేది, గుర్తుందా? అమ్మ గుండ్రాయిలా ఉండేది. వచ్చి రెండు రోజులు నిద్రపోయి వెళ్ళేది."

గడియారంలోంచి ఏదో జారిపోయింది. లెక్క జారిపోయింది, బిగువు జారిపోయింది, పొద్దున్నుంచీ భుజాల్లో దాచుకున్న గర్వమంతా నడుములోకి దిగి, అక్కడ్నుంచి జీనులోకి దిగింది. తడిసిన ధాన్యపు బస్తా బండి మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. పెద్దమ్మ ఒక్కసారి బుస్సున ఊపిరి వదిలి, మెడ సాచి, వెన్నలా సాగింది.

అప్పుడు తిట్లు వచ్చాయి. ఎక్కడున్నాయో ఇన్నాళ్ళూ, కట్ట తెగినట్టు వచ్చాయి. మొహం వేదికవైపు, చూపు సూటిగా, మెడ నిటారుగా, చేతులు రెండూ నగారాల మీద సముద్రపు హోరు పుట్టిస్తున్నాయి. పెదాలు మాత్రం మీసం కింద సన్నగా ఆడుతున్నాయి.

"గాడిదకొడకా, ఇన్నేళ్ళూ మింగి కూర్చుని ఇప్పుడా చెప్పడం? నీకూ తెలుసు, మీ అమ్మకీ తెలుసు, నాకొక్కడికే తెలియదా? గుండ్రాయిలా ఉంటే మరి నేను మందులెవరికి మోసుకొచ్చాను? దిగు, నీ పని చెప్తాను. నీ కాళ్ళు విరగ్గొట్టి ఆ నిచ్చెనకి మెట్టు వేస్తాను."

"అట్లాగే బావా, అట్లాగే ఉండు" అన్నాడు బావమరిది, ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియని గొంతుతో.

అలా తిడుతూ వేదిక దాటాడు. కర్రలు రెండూ తల మీద అడ్డంగా ఎత్తి వందనం చేశాడు. చేతులు ఎత్తిన ఆ క్షణంలో కూడా జీనుకీ అతనికీ మధ్య కాగితం దూరే సందు లేదు. ఫొటోలవాళ్ళు వరసగా నొక్కారు.

పరేడ్ చూడటానికి వచ్చిన ముఖ్య అతిథి అధికారి చెవిలో "ఆ నగారా మనిషి మొహంలో ఏం శాంతం, లోకంతో సంబంధం లేనట్టున్నాడు" అన్నాడట. అధికారి ఆ మాట మోసుకుని స్వయంగా గుర్రపుశాలకి వచ్చాడు.

"పెద్దమ్మ ఇక నీదేనయ్యా. ఆ జపం మాత్రం మానకు."

తాళాల కుర్రాడు కూడా బ్యాండు వరసలోంచి జారుకుని వచ్చి చెయ్యి కలిపాడు. "నాకు గుర్రం మీద కూర్చోవడం ఒక్కటే వచ్చు మాస్టారూ, మీలా లీనమవడం రాదు" అన్నాడు. బావమరిది కనుచూపు మేరలో లేడు. గుర్రాన్ని ఎవరికో అప్పగించి, దిగీ దిగగానే మాయమయ్యాడని చెప్పారు.

గడియారం పెద్దమ్మ జీను విప్పి, టోపీ చంకలో పెట్టుకుని షామియానా వైపు నడిచాడు. మైదానంలో బ్యాండు ఇంకా ముగింపు పాట వాయిస్తోంది. పెద్ద బాకా వెనక ఎవరో కొత్తవాడు డ్రమ్ము తప్పు తప్పుగా కొడుతున్నాడు. మామూలు రోజైతే అతని పళ్ళు పులిసేవి. ఇవాళ అదేం చెవికెక్కలేదు. కుర్చీలు సగం ఖాళీ అయ్యాయి. భార్య మొదటి వరసలో అలాగే కూర్చుని ఉంది.

దగ్గరికి వెళ్ళి చూశాడు. ఉంది. రెండు చెవుల్లోనూ, జుట్టు కిందుగా, తెల్లగా, నీటుగా చుట్టిన దూది. కమ్మల్లాగే అది కూడా అలవాటైన నగలా ఉంది. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి తను చూడలేదు. తనని ఎవరూ చూడటం లేదని ఇన్నేళ్ళూ కుమిలాడు.

అడుగుదామని నోరు తెరిచాడు. ఆవిడే ముందు అంది.

"బాగా కూర్చున్నారు."

"చూశావా?"

"చూడకేం. ఎదురుగానే పోయారు కదా. మా తమ్ముణ్ణి గాడిదకొడకా అన్నారు."

గడియారం ఆ దూదివైపు మళ్ళీ చూశాడు. నగారా వాయించిన తనకే తన గొంతు సరిగ్గా వినపడలేదు. వేదిక మీదవాళ్ళకి వినపడలేదు. చెవుల్లో దూది పెట్టుకున్న మనిషికి ఎట్లా వినపడింది?

ఆవిడ చెవి దగ్గర వేలు పెట్టి చూపించింది.

"పెళ్ళయిన కొత్తల్లోనే పెట్టుకున్నాను. మీకు చెబితే నొచ్చుకుంటారని చెప్పలేదు. మరి మీరన్నది తెలియాలి కదా. పెదాలు చూడటం అలవాటు చేసుకున్నాను. మీరు గొణుక్కున్నవి కూడా తెలుస్తాయి, ఆ సుఖం ఒకటుంది."

గడియారం తను ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఏమేం గొణుక్కున్నాడో గుర్తు చేసుకోబోయి, భయం వేసి మానుకున్నాడు. అలవాటు కొద్దీ వేళ్ళు టోపీ మీద ఆడబోయాయి. రెండో చేత్తో వాటిని పట్టుకున్నాడు.

"అందరూ మీ మొహం ఎంత శాంతంగా ఉందో, ఎంత శాంతంగా ఉందో అంటుంటే విని, అంటే చూసి, నాకు నవ్వాగలేదు" అంది ఆవిడ. కొంగుతో మూతి తుడుచుకుంది. తర్వాత మొహంలో నవ్వు పోయింది. "అది సరే. మా తమ్ముడు గాడిదకొడుకైతే, మా నాన్న ఏమైనట్టు?"

గడియారం అటూ ఇటూ చూశాడు. అడ్డం నిలబడటానికి బాకా కాదు కదా, ఒక్క మనిషి కూడా లేడు. ఏదో గొణిగాడు. గొణుగుతూ, ఖాళీ అయిన వరసలో ఎవరిదో కుర్చీ సర్దుతున్నట్టు, పెదాలు కనపడకుండా తలొంచుకున్నాడు.

భార్య తన పక్క కుర్చీ మీదున్న సంచీ తీసి కింద పెట్టింది. అతని గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది.

"కూర్చోండి. కూర్చుని చెప్పండి" అంది. "చూస్తున్నాను."